రెండోసారి వచ్చిన జ్వరానికి కొత్త దోమ అక్కర్లేదు

ప్రశ్న: మాది విశాఖపట్నం శివారు. పెందుర్తి దాటాక కొత్తగా వేసిన లేఅవుట్‌లో ఇల్లు కట్టుకున్నాం. చుట్టూ సగం ప్లాట్లు ఖాళీ, మిగతా వాటిలో ఎప్పుడూ ఏదో ఒక కట్టుబడి నడుస్తూనే ఉంటుంది. మా బాబుకి 9 ఏళ్లు. ఆగస్టులో చలిజ్వరం వస్తే రక్తపరీక్ష చేసి మలేరియా, వైవాక్స్ రకం అన్నారు. 3 రోజులు ఒక మాత్ర, ఆ తర్వాత 14 రోజులు ఇంకో మాత్ర రాశారు. జ్వరం తగ్గిపోయింది. బాబు కడుపునొప్పి అంటున్నాడని, మాత్రలు వేడి చేస్తున్నాయని మా అత్తగారు ఐదో రోజున ఆపించేశారు. నవంబరు చివర్లో మళ్లీ అదే జ్వరం, మళ్లీ వైవాక్స్. ఇంట్లో ఇంకెవరికీ రాలేదు. ఇప్పుడు మళ్లీ అవే 14 రోజుల మాత్రలు ఇచ్చారు. వేయాలా వద్దా అని ఇంట్లో తర్జనభర్జన. మా వీధి చివర మురుగు కాలువ ఉంది. ఎన్ని అర్జీలు పెట్టినా పూడిక తీయరు, ఫాగింగ్ బండి పంపరు. పక్క ప్లాట్‌లో అపార్ట్‌మెంట్ కడుతున్న కూలీలు ఒడిశా నుంచి, ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్లు. జబ్బు వాళ్లే తెచ్చారని, షెడ్లు ఖాళీ చేయించాలని మా కాలనీ సంఘం అంటోంది. మా అత్తగారేమో ఇదంతా నీళ్ల వల్లే అంటారు. మా ఆడపడుచుకి నాలుగో నెల. సంక్రాంతికి పుట్టింటికి వస్తానంటోంది. రమ్మనాలో వద్దో తెలియక టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, విశాఖపట్నం జిల్లా

జవాబు:

అమ్మా,

మురుగు కాలువ గురించి, ఫాగింగ్ బండి గురించి, కూలీల గురించి వివరంగా రాశారు. మిద్దె మీది నీళ్ల ట్యాంకు గురించి ఒక్క మాటా లేదు. అన్నిటికంటే ముఖ్యమైన సంగతినేమో మధ్యలో ఒక్క వాక్యంలో దాటేశారు, ఐదో రోజున మాత్రలు ఆపించేశారని. అక్కడినుంచే మొదలుపెడతాను. ఆ మాత్రలు ఇప్పుడు మళ్లీ మీ ఇంట్లో ఉన్నాయి కాబట్టి, ఈ వారంలోనే తేల్చుకోవాల్సిన విషయం అది.

వేయాలి. 14 రోజులూ వేయాలి. ముందు ఒక చిన్న పరీక్ష చేయించాలి, దాని గురించి కాసేపట్లో చెబుతాను.

మలేరియా ఉన్న దోమ కుట్టగానే పరాన్నజీవి ముందు కాలేయంలోకి చేరుతుంది. అక్కడ పెరిగి, వారం పది రోజులకో రెండు వారాలకో రక్తంలోకి దిగి ఎర్రకణాలను పగలగొట్టడం మొదలుపెడుతుంది. చలి, వణుకు, జ్వరం మనకు తెలిసేది అప్పుడే. ఫాల్సిపారం రకమైతే కాలేయాన్ని పూర్తిగా ఖాళీ చేసి రక్తంలోకి వచ్చేస్తుంది. వైవాక్స్ అలా చేయదు. కొంత బయటికొస్తుంది, కొంత కాలేయంలోనే నిద్రపోతుంది. ఆ నిద్ర కొన్ని వారాలు ఉండొచ్చు, నెలలు ఉండొచ్చు. ఒక్కోసారి ఏడాది దాటాక కూడా లేస్తుంది. అప్పుడు ఏ దోమా కుట్టకుండానే మళ్లీ జ్వరం వస్తుంది.

బాబుకి మొదట ఇచ్చిన 3 రోజుల మాత్ర క్లోరోక్విన్ అయ్యుంటుంది. వైవాక్స్‌కి మన దేశంలో ఇచ్చేది అదే. అది రక్తంలో ఉన్నవాటిని చంపుతుంది, జ్వరం దిగిపోతుంది. కాలేయంలో నిద్రపోతున్నవాటి జోలికి పోదు. వాటి కోసమే రెండో మాత్ర, ప్రైమాక్విన్. జ్వరం తగ్గి పిల్లాడు ఆటలకు వెళ్తున్నప్పుడు వేయాల్సిన మాత్ర కావడంతో, ఇంకా ఎందుకులే అని మధ్యలో మానేసేవాళ్లు చాలామంది. మీ ఇంట్లోనూ జరిగింది అదే.

నవంబరు జ్వరం కొత్త కాటు వల్ల వచ్చిందా, పాతది తిరగబెట్టిందా అని కచ్చితంగా తేల్చే పరీక్ష మామూలు ఆస్పత్రుల్లో లేదు. కానీ మీరు రాసినవన్నీ కలిపి చూస్తే నా మొగ్గు తిరగబెట్టడం వైపే. అదే రకం వచ్చింది. 14 రోజుల కోర్సు ఐదో రోజుకే ఆగింది. అదే ఇంట్లో, అవే గదుల్లో పడుకునే మిగతా ఎవరికీ రాలేదు. ఈసారి కూడా సగంలో ఆపితే, రేపు మీ వీధిలో ఒక్క దోమ లేకపోయినా వేసవిలో ఈ జ్వరం మూడోసారి రావచ్చు.

మీ అత్తగారి భయాన్ని కొట్టిపారేయకండి. 'వేడి' అనే మాటతో నేను ఏకీభవించను గానీ, ఈ మాత్ర కొందరికి నిజంగానే పడదు. జీ6పీడీ అనే ఎంజైము కొందరిలో పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. ఈ లోపం మగపిల్లల్లో ఎక్కువగా బయటపడుతుంది. అలాంటివాళ్లు ప్రైమాక్విన్ వేసుకుంటే ఎర్రకణాలు చితికిపోయి రక్తం తగ్గిపోతుంది. అందుకే ముందు జీ6పీడీ రక్తపరీక్ష చేయించమంటున్నాను. ఆగస్టులో ఐదు రోజులు వేసినా ఏమీ కాలేదు కదా అనిపించొచ్చు. అది ధైర్యాన్నిచ్చే విషయమే, అయినా పరీక్ష మానకండి. లోపం ఉందని తేలినా వైద్యం ఆగిపోదు. వారానికి ఒకసారి చొప్పున 8 వారాలు, డాక్టరు కనిపెట్టుకుని ఉండి ఇచ్చే పద్ధతి ఉంది.

కడుపునొప్పి మామూలే. పరగడుపున వేయకుండా అన్నం తిన్నాక వేస్తే చాలావరకు తగ్గుతుంది. మాత్రలు వాడే రోజుల్లో మూత్రం కోలా రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, పిల్లాడు పాలిపోయి ఆయాసపడుతున్నా వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి ఆగస్టులో మిగిలిన స్ట్రిప్పునో, పెద్దవాళ్లెవరో వాడగా మిగిలిందో తీసి వేయకండి.

ఇక అత్తగారి రెండో మాట, నీళ్ల వల్లే వస్తుందని. ఈ సందేహం ఒకప్పుడు మహా మహా డాక్టర్లకే ఉండేది. మలేరియా దోమ వల్లే వస్తుందని కనిపెట్టిన డాక్టరు రొనాల్డ్ రాస్. ఆయనకు గురువులాంటి పాట్రిక్ మాన్సన్, దోమలు చచ్చి పడిన నీళ్లు తాగడం వల్ల మలేరియా వస్తుందేమోనని అనుకున్నాడు. రాస్ ఆ నీళ్లు మనుషుల చేత తాగించి కూడా చూశాడు, తేలలేదు. చివరికి మన సికింద్రాబాద్‌లో, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమకు అణా చొప్పున ఇచ్చి కుట్టించి, ఆ దోమల్ని కోసి చూశాడు. 1897 ఆగస్టు 20న దోమ కడుపు గోడలో పరాన్నజీవి కనిపించింది. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మీద చేసిన పరిశోధనలో, అది దోమ లాలాజలంలోకి చేరి కాటు ద్వారా ఎక్కుతుందని తేలింది. నోబెల్ బహుమతి 1902లో వచ్చింది. హుసేన్ ఖాన్‌కు అణాలతోనే సరి.

కాబట్టి తాగే నీళ్లలో మలేరియా లేదు. కానీ ఆవిడ మాటను పూర్తిగా తీసేయలేం. తాగడానికి, వాడుకోవడానికి మనం నిల్వ పెట్టుకున్న నీళ్లలోనే ఆ దోమ పుడుతోంది.

మీ వీధి చివరి మురుగు కాలువలో పుట్టేది క్యూలెక్స్. రాత్రిపూట చెవి దగ్గర రొద పెట్టి నిద్ర పాడుచేసేది ఎక్కువగా అదే. బోదకాలు వ్యాపించేది దాని వల్ల. పగటిపూట కుట్టే చారల దోమ ఏడిస్, దాని వల్ల డెంగీ, చికున్‌గున్యా. మలేరియా అనాఫిలస్ పని. అనాఫిలస్ మురుగును సాధారణంగా ఇష్టపడదు, దానికి శుభ్రమైన నీళ్లు కావాలి. కాలువ పూడిక తీయమని అడగండి, అది మీ హక్కు. బోదకాలు రాకుండా ఉండాలన్నా, ముక్కు మూసుకోకుండా వీధిలో నడవాలన్నా అది జరగాలి. దానివల్ల మలేరియా తగ్గుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. కాలువ మీద పెట్టిన అర్జీల శ్రమలో సగం ట్యాంకు మూతల మీద పెట్టుంటే మీ లేఅవుట్ ఈపాటికి చాలా మారేది.

మీలాంటి చోట రెండు రకాల అనాఫిలస్‌లు కలుస్తాయి. ఒకటి క్యూలిసిఫేసిస్, ఊరి దోమ. వాననీళ్లు నిలిచిన గుంటలు, గ్రావెల్ తవ్విన గోతులు, పొలం కాలువలు దానివి. రెండోది స్టీఫెన్సీ, పట్నం దోమ. మిద్దె మీది ట్యాంకులు, సంపులు, బావులు, కట్టుబడి నీళ్లు దానివి. పొలం పోయి ప్లాటు వచ్చినచోట గోతులు ఇంకా పూడ్చి ఉండవు, ట్యాంకులు అప్పుడే వచ్చి ఉంటాయి. కుళాయి నీళ్లు రోజూ రావు గనక ప్రతి ఇంట్లో రెండు మూడు డ్రమ్ములు తప్పవు. ఈ స్టీఫెన్సీ మన దేశంలో పాతదే. 2012లో ఆఫ్రికాలోని జిబూటీలో తేలింది, 2022లో ఇథియోపియాలో డిరె దావా అనే పట్నంలో మలేరియా ఒక్కసారిగా పెరగడానికి అదే కారణమని గుర్తించారు. నీళ్లు నిల్వపెట్టుకుని మూత సరిగా పెట్టని పట్నం ఎక్కడున్నా అది బతికేస్తుంది.

రేపు పొద్దున టార్చి, ఒక తెల్ల మగ్గు తీసుకుని మిద్దె ఎక్కండి. ట్యాంకు మూత తీసి, నీడ పడకుండా పక్కనుంచి చూడండి. మగ్గుతో అంచు వెంబడి నీళ్లు ముంచి, కదపకుండా కాసేపు ఉంచండి. అనాఫిలస్ లార్వా, అంటే గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు, నీటి పైపొరకు ఆనుకుని, అగ్గిపుల్ల చెక్కు ముక్కలా అడ్డంగా పడుకుని ఉంటుంది. తల కిందికి పెట్టి ఏటవాలుగా వేలాడుతుంటే క్యూలెక్సో ఏడిసో అనుకోవచ్చు. గోడమీద వాలిన పెద్ద దోమనూ ఇలాగే పోల్చుకోవచ్చు, అనాఫిలస్ తోక పైకెత్తి వాలుతుంది. లార్వా కనిపిస్తే ఏ రకమైనా సరే నీళ్లు తీసేసి, ట్యాంకు గోడలు రుద్ది కడిగి, ఎండనిచ్చి మళ్లీ నింపుకోవాలి.

ట్యాంకుల్లో లోపం ఎక్కువగా మూత దగ్గరే ఉంటుంది. ప్లాస్టిక్ ట్యాంకు మూత ఎండకు వంకర తిరుగుతుంది, లేదా ప్లంబరు పైపు దూర్చడానికి ఒక మూల కోసేసి వెళ్లిపోతాడు. దోమకు ఆ సందు చాలు. మూత మార్చండి, లేకపోతే సన్నటి నైలాన్ జాలీ కప్పి బైండింగ్ వైరుతో బిగించండి. ఓవర్‌ఫ్లో పైపు చివర ఎవరూ చూడరు, దానికీ జాలీ కట్టాలి. సంపు మీద రేకు మూత ఉంటే దాని అంచులు చూడండి. వాడని బావి ఉంటే అందులో గంబూషియా చేపలు వదలమని మలేరియా సిబ్బందిని అడగండి, లార్వాలను తినేస్తాయి. చెరువుల్లో, వాగుల్లో మాత్రం వాటిని వదలకూడదు. స్థానికంగా ఉండే చిన్న చేపల్ని బతకనివ్వవు.

గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి మన వేడికి వారం నుంచి పది రోజులు పడుతుంది. ప్రభుత్వం శుక్రవారం డ్రై డే అంటూ వారానికి ఒకసారి నీళ్లు ఖాళీ చేయమని చెప్పేది ఈ లెక్కతోనే. అది శుక్రవారమే కానక్కర్లేదు, ఆదివారమైనా ఫర్వాలేదు. వారం తప్పకూడదు, అంతే. డ్రమ్ములో నీళ్లు పైపైన తోడుకుని మళ్లీ నింపుతుంటే అడుగున ఉన్న లార్వాలు హాయిగా పెరుగుతాయి. పూర్తిగా వంచేయాలి.

ఇప్పుడు పక్కనున్న అపార్ట్‌మెంట్ సంగతి. శ్లాబ్ పోశాక క్యూరింగ్ కోసం గట్లు కట్టి మడుల్లా నీళ్లు నిలబెడతారు కదా. వారం, రెండు వారాలు అలాగే ఉంటాయి. లోతు తక్కువ, శుభ్రమైన నీళ్లు, ఎవరూ కదపరు. స్టీఫెన్సీకి ఇంతకంటే ఏం కావాలి? లిఫ్ట్ కోసం తవ్విన గుంట, ఇటుకలు తడిపే తొట్టి, బేస్‌మెంట్‌లో ఊరిన నీళ్లు కూడా అంతే. మీ కాలనీ సంఘం కూలీల షెడ్ల వైపు చూస్తోంది. నేనైతే ముందు ఆ శ్లాబ్ మీదికి ఎక్కి చూసేవాణ్ణి. క్యూరింగ్ ఆపమని బిల్డర్‌ను అడగక్కర్లేదు, ఆపితే శ్లాబ్ పాడవుతుంది. వారానికి ఒకరోజు నీళ్లు పూర్తిగా తీసి, ఆరనిచ్చి, మళ్లీ పెట్టమనండి. లేదా గోనె సంచులు పరిచి తడుపుతూ ఉండమనండి, అదీ క్యూరింగే. లిఫ్ట్ గుంటలో నీళ్లు తోడేయడానికి మోటారు ఉండనే ఉంటుంది. ఇవేవీ ఖర్చు పెంచేవి కావు గనక ఆయన కాదనడానికి కారణం దొరకదు.

ఫాగింగ్ గురించి ఒక మాట. ఆ పొగ ఆ క్షణంలో ఎగురుతూ తగిలిన దోమల్ని చంపుతుంది. లార్వాలను ఏమీ చేయదు. బండి చప్పుడు వినగానే మనం తలుపులు, కిటికీలు మూసుకుంటాం. మలేరియా దోమలు చాలావరకు ఇంట్లోనే గోడలకు, మంచాల కింద, వేలాడే బట్టల వెనక వాలి ఉంటాయి. పొగ వీధిలో, దోమ ఇంట్లో. కేసులు ఒక్కసారిగా పెరిగినప్పుడు అధికారులు వాడే సాధనం అది, రోజువారీ మందు కాదు. బండి రాలేదని మీరు నష్టపోయింది పెద్దగా లేదు.

ఇక కూలీలు. 'వాళ్లే తెచ్చారు' అన్న మాటలో కొంత నిజం ఉండొచ్చని ముందే ఒప్పుకుంటాను. ఆంధ్రప్రదేశ్‌లో మలేరియా కేసుల్లో ఎక్కువ భాగం అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలోనివే. కోరాపుట్ లాంటి ఒడిశా జిల్లాల్లోనూ మలేరియా ఏళ్ల తరబడి ఉంది. చిన్నప్పటి నుంచి పదే పదే వచ్చి కొంత నిరోధకశక్తి ఏర్పడినవాళ్లలో, రక్తంలో పరాన్నజీవి ఉన్నా జ్వరం రాకపోవచ్చు. తమకు జబ్బు ఉందని వాళ్లకే తెలియదు. అలాంటివాళ్లు స్టీఫెన్సీ పుట్టే కట్టుబడి పక్కనే, నీలం పట్టా కప్పిన షెడ్లో, దోమతెర లేకుండా పడుకుంటారు. శివారు మలేరియా చాలాచోట్ల ఇలాగే మొదలవుతుంది.

అయితే ఒకటి ఆలోచించండి. వైవాక్స్‌లో జ్వరం వచ్చిన తొలి రోజుల్లోనే, దోమకు ఎక్కగల రూపంలో పరాన్నజీవి రక్తంలో ఉంటుంది. నవంబరులో ఆ వీధిలో దోమకు మలేరియా అందించగలిగినవాళ్లలో మీ బాబు కూడా ఉన్నాడు. ఆ రోజుల్లో మీ ఇంట్లో కుట్టిన దోమ పక్క షెడ్లోకి వెళ్లి, మొన్ననే పనికి వచ్చిన ఓ కూలీ బిడ్డను కుట్టి ఉంటే, ఎవరు ఎవరికి తెచ్చినట్టు? పైగా షెడ్లు ఖాళీ చేయిస్తే వాళ్లు ఎక్కడికి పోతారు? పక్క లేఅవుట్‌కు. ఈ దోమ కిలోమీటరు పైనే ఎగరగలదు. ఇంకా చెడ్డది ఏమిటంటే, జ్వరం వచ్చిందంటే పంపేస్తారని తెలిసిన మనిషి జ్వరాన్ని దాచుకుంటాడు. మెడికల్ షాపులో ఒక మాత్ర కొనుక్కుని పనిలోకి వెళ్తాడు. అప్పుడు అతనికీ ప్రమాదమే, మీకూ ప్రమాదమే. మీ సంఘం తీర్మానం నాకు అన్యాయంగానూ కనిపిస్తోంది, తెలివితక్కువగానూ కనిపిస్తోంది.

దాని బదులు చేయాల్సింది ఇది. మేస్త్రితో మాట్లాడి, కొత్తగా వచ్చిన కూలీలందరికీ వచ్చిన వారంలోనే రక్తపరీక్ష జరిగేలా చూడండి. వేలి చివర ఒక చుక్క రక్తంతో కిట్ మీద పావుగంటలో, మహా అయితే 20 నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు చేస్తారు, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో పరీక్షా మందూ ఉచితం. వాళ్లు పగటిపూట వస్తే కూలీలు పనిమీద ఉంటారు, ఒక రోజు కూలీ పోగొట్టుకుని ఎవరూ రారు. సాయంత్రం రమ్మని మీరే అడగాలి. ఒడియా వచ్చిన మనిషి ఒకరు పక్కన ఉంటే సగం భయం పోతుంది, అది ఆ మేస్త్రే కావచ్చు. పరీక్షలో తేలినా కూలీ పోదని, పనిలోంచి తీసేయరని ఆయన చేత నలుగురి ముందు చెప్పించండి. షెడ్లకు దోమతెరలు సంఘం డబ్బుతో కొనివ్వండి. కట్టడానికి మేకులు లేవనే సమస్య వస్తుంది, నాలుగు మూలలా సరివి కర్రలు పాతితే సరిపోతుంది.

అర్జీ విషయం. మీది పంచాయతీయో కార్పొరేషనో స్పష్టంగా రాయలేదు. శివారు లేఅవుట్లకు ఇదే పెద్ద తలనొప్పి. పంచాయతీవాళ్లు ఇక కార్పొరేషన్‌లో కలుస్తుంది కదా అంటారు, కార్పొరేషన్‌వాళ్లు ఇంకా కలవలేదు కదా అంటారు. పట్టణ మలేరియా పథకం 1971 నుంచి ఉంది, మన్యానికి మందు పిచికారీ, దోమతెరల పంపిణీ ఉన్నాయి. రెండిటికీ మధ్యన పడినచోటు మీలాంటిది. కాబట్టి అర్జీ ఒక్కరికే పెట్టకండి. మీ ప్రాంతానికి చెందిన పీహెచ్‌సీ డాక్టరుకు, జిల్లా మలేరియా అధికారికి, పంచాయతీ కార్యదర్శికో కార్పొరేషన్ జోనల్ ఆఫీసుకో అదే కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. 'దోమలు ఎక్కువగా ఉన్నాయి' అని రాస్తే ఆ కాగితం ఫైల్లోకి పోతుంది. 'ఈ లేఅవుట్‌లో మలేరియా వైవాక్స్ కేసు నమోదైంది, రిపోర్టు నకలు జతచేస్తున్నాం, ఇంటింటి జ్వరాల సర్వే, రక్తపరీక్షలు, కట్టుబడి స్థలాల్లో లార్వా తనిఖీ చేయించండి' అని రాయండి. ప్రైవేటు ల్యాబ్‌లో తేలిన కేసు వాళ్ల లెక్కలో లేకపోవచ్చు. లెక్కలో లేని కేసు కోసం ఎవరూ కదలరు. అబేట్ లాంటి లార్వా మందు వాళ్లనే కొట్టమనండి, తాగే నీళ్లలో మీరు సొంతంగా ఏదీ కలపకండి.

ఈ కాలంలో కూడా మలేరియా ఏమిటని మీ వీధిలో అనేవాళ్లు ఉంటారు. 1953లో దేశవ్యాప్త కార్యక్రమం మొదలైంది. 1965 నాటికి ఏడాదికి లక్ష కేసులకు దిగింది. అయిపోయిందనుకుని పట్టు సడలించారు, దోమలు డీడీటీ అనే పిచికారీ మందుకు అలవాటు పడ్డాయి, 1976లో 64 లక్షల కేసులు. ఇప్పుడు మళ్లీ చాలా తగ్గింది, 2030 కల్లా లేకుండా చేయాలని దేశం లక్ష్యం పెట్టుకుంది. శ్రీలంక 2016లోనే మలేరియా లేని దేశంగా గుర్తింపు తెచ్చుకుంది కాబట్టి అది గాలిలో మాట కాదు.

ఇంట్లో ఈ రాత్రి నుంచే చేయగలిగింది దోమతెర. మందు అద్దిన తెర అయితే మరీ మంచిది. కొత్తది విప్పాక ఒక రోజు నీడలో ఆరబెట్టి వాడండి, ఉతికినప్పుడు ఎండలో వేయకండి, మందు పోతుంది. తెర విలువ కాటు తప్పించడంతో ఆగదు. మలేరియా రోగిని కుట్టిన దోమ వెంటనే ఇంకొకరికి అంటించలేదు, దాని ఒంట్లో పరాన్నజీవి పండడానికి పది రోజులకు పైగా పడుతుంది. అన్ని రోజులు బతికిన ముసలి దోమే ప్రమాదం. మందు తెరకు తగిలిన దోమ ఆ వయసు దాకా బతకదు. కాయిల్స్ పొగ మూసిన గదిలో పిల్లలకు మంచిది కాదు, కిటికీలకు జాలీలు బిగించుకోవడం మేలు.

జ్వరం ఎవరికి వచ్చినా చలి, వణుకు, రోజు విడిచి రోజు అనే వరస కోసం ఎదురుచూడకండి, పిల్లల్లో ఆ వరస చాలాసార్లు ఉండనే ఉండదు. మొదటి పరీక్షలో లేదని వచ్చి జ్వరం ఆగకపోతే మర్నాడో ఎల్లుండో మళ్లీ చేయించండి. ప్లేట్‌లెట్లు తగ్గాయనగానే డెంగీ అనేసుకుని బొప్పాయి ఆకు రసం పట్టిస్తుంటారు, మలేరియాలోనూ ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. ఒక్క వైడాల్ పరీక్ష చూసి 'మలేరియా, టైఫాయిడ్ రెండూ ఉన్నాయి' అనడం మన దగ్గర మరీ ఎక్కువ. ఆ పరీక్ష టైఫాయిడ్ లేకపోయినా పాజిటివ్ చూపిస్తుంది. ఆ మాట విన్నప్పుడు కంగారుపడి ఇంజెక్షన్ల కోర్సుకు ఒప్పుకోకుండా ఒక్క ప్రశ్న అడగండి, మలేరియా ఏ రకమని. ఎందుకంటే వైద్యం దాన్ని బట్టే మారుతుంది. ఫాల్సిపారం అయితే ఆర్టిమిసినిన్ కలిసిన మందులు ఇవ్వాలి, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. మనిషి మత్తుగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, తాగింది తాగినట్టు కక్కుకుంటున్నా, ఆయాసపడుతున్నా పరీక్ష కోసం కూడా ఆగకుండా పెద్దాస్పత్రికి వెళ్లాలి.

మీ ఆడపడుచు మాట. రమ్మనండి. మలేరియా ముట్టుకుంటే అంటేది కాదు. సంక్రాంతి నాటికి బాబు కోర్సు పూర్తయిపోతుంది, ట్యాంకుల పనీ మీ చేతిలో ఉన్నదే. గర్భిణులకు మలేరియా వస్తే మామూలు వాళ్లకంటే తీవ్రంగా ఉంటుంది, రక్తహీనత, గర్భస్రావం, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం లాంటివి జరగొచ్చు. అందుకని ఇంట్లో ఉన్నవాటిలో మంచి దోమతెర ఆమె మంచానికే కట్టండి, చీకటి పడ్డాక మేడ మీద కబుర్లు ఈసారికి వద్దు. బాబు మాత్రలు ఆమెకు అందుబాటులో ఉంచకండి, ప్రైమాక్విన్ గర్భిణులు వేసుకోకూడదు. ఆమెకు ఒళ్లు కాస్త వెచ్చబడినా అదే రోజు రక్తపరీక్ష చేయించి, నాలుగో నెల అని, ఇంట్లో మలేరియా కేసు ఉందని డాక్టరు అడగకముందే చెప్పండి. భోగి రోజైనా సరే, పారాసిటమాల్ వేసి కనుమ వెళ్లాక చూద్దామనుకోవద్దు.